కుందేలూ, కత్తీ, మా అత్తమ్మా

కుందేలు మన యిళ్ళకు కొత్త గాని మన మాటలకు కొత్త కాదు. చంద్రుడి ఒళ్ళో దాన్ని కూర్చోబెట్టి ఆయనకు శశాంకుడని పేరు పెట్టాం. లేనిదాన్ని వున్నదనేవాణ్ణి చూసి కుందేటి కొమ్ము తెచ్చావా అంటాం. మొండివాడి చేతికి మూడుకాళ్ళ కుందేలును అంటగట్టాం. సింహాన్ని బావిలోకి దూకించిన తెలివితేటలు కూడా దానికే కట్టబెట్టాం. ఇన్ని యిచ్చినవాళ్ళం దాని కడుపులో ఏముందో, దానికి జబ్బు చేస్తే ఏం చేయాలో మాత్రం ఆలోచించలేదు. ఆ అవసరమూ రాలేదు. అది గుట్టల్లో వుండేది, మనం వూళ్ళో వుండేవాళ్ళం.

ఇప్పుడు రోజులు మారాయి. హైదరాబాదులో చుట్టాలింటికి వెళ్ళిన పిల్లలు తిరిగి వచ్చేటప్పుడు అట్టపెట్టెలో తెల్లని కుందేలుపిల్లను పెట్టుకొని దిగుతున్నారు. మా రామన్నపేటలోనే నేనెరిగిన యిళ్ళు మూడింటిలో కుందేళ్ళున్నాయి. పెంచేవాళ్ళు పెరిగాక పెంపకంలో చిక్కులూ పెరుగుతాయి కదా! వాటిలో పెద్ద చిక్కు ఒకటుంది. ఆడకుందేలుకు గర్భసంచి తీయించే ఆపరేషన్ చేయించవచ్చునా? చేయిస్తే బతుకుతుందా? చేయించకపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్న మా యింట్లో రెండు నెలలు నలిగింది. ఆ నలుగుడులో తెలుసుకొన్న సంగతులు మరో యింటికి పనికివస్తాయని యిది రాస్తున్నాను.

మా కుందేలు పేరు మల్లి. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయిది. వయస్సు రెండేళ్ళు, బరువు కిలో ఎనిమిదివందల గ్రాములు, వుద్యోగం మా వెనక వసారాలో చీపురుపుల్లలు కొరకడం.

ఒకనాటి వుదయం చూద్దుము గదా, మల్లి తన రొమ్ము మీది బొచ్చు తానే పీక్కొంటోంది. పీకిన బొచ్చునూ, నోటినిండా కరుచుకొన్న వరిగడ్డినీ మూలకు మోసి గూడు కడుతోంది. మా అత్తమ్మ గడపలో నిలబడి ఆ వైభవమంతా చూసి తేల్చేసింది.

"ఇది కడుపుతోటి వున్నది. నేను చెప్తున్న, రాసి పెట్టుకోండ్రి."

"మగది లేనిదే కడుపెట్లొస్తది నానమ్మా?" అంది మా అమ్మాయి.

"నాకేం ఎరుక? గా కాలం చెవులపిల్లులు వేరు, యిది వేరు."

అత్తమ్మ మాటలో రెండో సగం నిజం. మా గుట్టల్లో తిరిగే చెవులపిల్లి వేరు, యీ తెల్ల కుందేలు వేరు. చెవులపిల్లి పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్ళు తెరుచుకొని పుడతాయి. పెంపుడు కుందేలుది ఐరోపా వంశం. దాని పిల్లలు బోసిగా, కళ్ళు మూసుకొని పుడతాయి. అందుకే తల్లి బొచ్చు పీకి పక్క వేస్తుంది. అన్నట్టు, మన చెవులపిల్లిని పట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఆ సంగతి చెప్పగానే అత్తమ్మ తన చిన్ననాటి కూర సంగతులు చెప్పడం మానేసింది.

మల్లిని తీసుకొని పశువుల డాక్టరుగారి దగ్గరకు వెళ్ళాం. ఆయన పొట్ట నొక్కి చూసి నవ్వారు. "కడుపూ లేదు, ఏమీ లేదమ్మా. ఉత్త భ్రమ" అన్నారు. కుందేలుకు నెలనెలా అండం విడుదల కాదట. జత కలిసినప్పుడే అవుతుంది. మగది లేకపోయినా, మరొక ఆడది మీదికెక్కినా, ఒక్కొక్కప్పుడు వీపు అదేపనిగా నిమిరినా శరీరం మోసపోతుంది. పదహారు, పద్ధెనిమిది రోజులు తాను తల్లిననుకొని గూడు కట్టి, పాలు చేపి, పిల్లలు రాకపోతే మళ్ళీ మామూలవుతుంది. నిజంగా కడుపు నిలిస్తే ముప్పై ఒక్క రోజులకు ఈనుతుంది, ఈనిన రోజునే మళ్ళీ కడుపు కట్టగలదు. మగది, ఆడది కలిపి పెంచేవాళ్ళ వసారా ఏడాది తిరిగేసరికి ఏమవుతుందో మీరే లెక్క వేసుకోండి.

"భ్రమ అయితే భయం లేదన్నమాట" అన్నాను.

"భ్రమకు భయం లేదు. ఆ గర్భసంచికి వుంది" అన్నారాయన. "వయస్సు మీరిన ఆడకుందేళ్ళకు గర్భసంచిలో కాన్సరు ఎక్కువ. తీయించడం మంచిది. కాని నేను గేదెలూ, మేకలూ చూసేవాణ్ణి. కుందేలు ఆపరేషన్ అలవాటున్నవాళ్ళే చేయాలి. హైదరాబాదు వెళ్ళండి."

తన చేతకానిది చేతకాదని చెప్పిన డాక్టరును చూసి ఆయన మీద నాకు గౌరవం యినుమడించింది. మనస్సులో గుబులు కూడా యినుమడించింది.

ఇంటికి వచ్చి తక్కెడ పట్టుకొని కూర్చున్నాం. ముందు, చేయించకపోతే ఏమవుతుందో చూశాం. నాలుగేళ్ళు దాటిన ఆడకుందేళ్ళలో, కొన్ని జాతులలో, సగానికీ అంతకు మించీ యీ కాన్సరు కనిపిస్తుందని పశువైద్యులు ఏనాటినుంచో చెబుతున్నారు. అది నెమ్మదిగా పెరుగుతుంది, చివరికి ఊపిరితిత్తులకు పాకుతుంది. కుందేలు నోరు విప్పదు. తోడేలుకూ, గద్దకూ భయపడి బతికే జాతి గనుక నొప్పిని దాచుకోవడమే దాని విద్య. మూత్రంలో రక్తం కనబడేదాకా మనకు తెలియదు. తెలిసేసరికి చాలాసార్లు ఆలస్యమవుతుంది. నల్లగొండలో మా పినతల్లి కూతురి యింట్లో అయిదేళ్ళ కుందేలు అలాగే పోయింది. అయితే ఎర్రని మూత్రమంతా రక్తం కాదండోయ్! కొన్ని ఆకులు తిన్నప్పుడు వాటి రంగువల్ల కూడా మూత్రం ఎర్రబడుతుంది. చూడగానే గుండెలు బాదుకోకుండా పరీక్ష చేయించాలి.

తరువాత, చేయిస్తే ఏమవుతుందో చూశాం. ఇక్కడ నాకు దొరికిన మంచి లెక్క బ్రిటన్ దేశానిది. 2002, 2004 సంవత్సరాల నడుమ అక్కడి పశువైద్యశాలల్లో మత్తు యిచ్చిన జంతువులను లెక్కించి 2008లో ప్రకటించారు. అందులో కుందేళ్ళే ఎనిమిది వేలకు పైగా వున్నాయి. ఆరోగ్యంగా వున్న కుక్కలలో మత్తువల్ల పోయినవి సుమారు రెండువేలకు ఒకటి. పిల్లులలో వెయ్యికి ఒకటి. కుందేళ్ళలో వెయ్యికి ఏడు. అప్పటికే జబ్బుపడి వున్న కుందేళ్ళలోనైతే నూటికి ఏడు!

ఈ అంకెలు చదివి మా అమ్మాయి ఏడ్చింది. ఏడుపు అయ్యాక రెండోసారి చదివింది. "అమ్మా, జబ్బు వచ్చినంక చేయిస్తే పదంతలు డేంజర్ కదా! అంటే చేయించేదేదో యిప్పుడే చేయించాలె" అంది. లెక్కల్లో మార్కులు తక్కువని దాన్ని యిన్నాళ్ళూ కోప్పడుతున్న మావారు మారుమాట్లాడలేదు.

మావారు హైస్కూల్లో చరిత్ర చెబుతారు. ఏ మాట వచ్చినా నిజాముల కాలానికి తీసుకుపోకపోతే ఆయనకు అన్నం అరగదు. "మత్తు అంటే మన హైదరాబాదుకు ఒకప్పుడు లోకంలో పేరు, తెలుసా?" అని మొదలుపెట్టారు. ఆయన చెప్పింది నిజంగానే వినదగిన కథ. 1847లో క్లోరోఫారం వాడుకలోకి వచ్చాక దానివల్ల అక్కడక్కడ రోగులు చనిపోతూ వుండేవారు. ముందు ఆగేది ఊపిరా, గుండెనా అని డాక్టర్లలో పెద్ద తగువు. హైదరాబాదులో ఎడ్వర్డ్ లారీ అనే సర్జను "ఊపిరిని చూడండి, చాలు" అనేవాడు. ఆ మాట తేల్చడానికి 1888లో ఒకసారి, 1889లో మరొకసారి హైదరాబాదులో క్లోరోఫారం కమీషన్లు కూర్చున్నాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బు యిచ్చాడు. లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టరు దిగాడు. కుక్కలూ కోతులూ మొదలైన వందలకొద్దీ జంతువులకు మత్తు యిచ్చి చూశారు. ఊపిరే ముందు ఆగుతుందన్నారు. తరువాత 1911లో లెవీ అనే ఆయన పిల్లుల మీద ప్రయోగాలు చేసి, మత్తు చాలీచాలకుండా వున్నప్పుడు గుండె కూడా ఉన్నట్టుండి ఆగిపోవచ్చునని చూపాడు. అంటే లారీగారి మాటలో సగమే నిజం. క్లోరోఫారం కాలం గడిచిపోయింది. ఇప్పుడు ఊపిరినీ గుండెనూ రెంటినీ కనిపెడుతూ వుండాలని ఎవరూ వాదించనక్కర లేదు.

"ఇంతకూ కత్తి మాట ఎవ్వరూ ఎత్తలేదు. తగువంతా నిద్ర గురించే!" అన్నారు మావారు.

ఆ మాట నాలో నాటుకొంది. బ్రిటన్ లెక్క మళ్ళీ తీసి చూశాను. అందులో పోయిన కుందేళ్ళలో సగంకంటె ఎక్కువ ఆపరేషన్ అయిపోయిన తరువాతనే పోయాయి! కోత బాగానే జరిగింది, కుట్లూ పడ్డాయి. అది పడుకోబెట్టడం, లేపడం, లేచాక తినిపించడం — అపాయమంతా అక్కడ వుంది. కుందేలు ముక్కుతోనే ఊపిరి తీసే ప్రాణి. దాని గొంతులోకి గొట్టం వేయడం కుక్కకు వేసినంత సులభం కాదు. ఒళ్ళు చిన్నది గనుక మత్తులో త్వరగా చల్లబడిపోతుంది. మనుషులకు మత్తుకు ముందు వేసే అట్రోపిన్ అనే మందును చాలా కుందేళ్ళ రక్తం చిటికెలో విరిచేస్తుంది, కాబట్టి మందులు కూడా వేరుగా చూసుకోవాలి. కుందేలుకు వాంతి కాదు, అందుచేత ఆపరేషన్‌కు ముందు రాత్రంతా పస్తు పెట్టనక్కర లేదు. పెట్టకూడదు కూడా. దాని పేగులు గడియారంలాగా నడుస్తూనే వుండాలి. అవి ఆగితే గాలి చేరి, నొప్పి పెట్టి, నొప్పివల్ల తినక, తినకపోవడంవల్ల యింకా ఆగిపోయి, రెండు రోజులలో ప్రాణం మీదికి వస్తుంది.

ఈ చర్చలన్నిటిలో అత్తమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. తన మంచం మీద కూర్చొని మల్లికి గరిక తుంచి పెడుతూ వుండేది. ఒకనాటి రాత్రి అందరూ పడుకొన్నాక నన్ను పిలిచింది.

"ఏం బిడ్డా, దానికి కోపిస్తున్నరా?"

"ఇంకా అనుకొంటున్నాం అత్తమ్మా."

"నాకు కోసినప్పుడు యింతమంది అనుకోలే." కాసేపాగింది. "ముగ్గురు పుట్టినంక క్యాంపుకు తోల్కపోయిండ్రు. నలభైమందిమి చాపల మీద. పొద్దున పోతే మాపటికి యింట్ల వున్న. నీకు యిష్టమా అని అడిగినోడు లేడు. పడుకొనే ముందు తిన్నవా అనలేదు, లేచినంక తిన్నవా అనలేదు. మా అమ్మ జొన్నగటక చేసి తాపింది. అందుకు బతికిన."

నాకు మాట రాలేదు. పెళ్ళయి పదహారేళ్ళయినా యీ సంగతి నాకు తెలియదు. మావారికీ తెలియదని తరువాత తెలిసింది.

"దాన్ని అడిగితే అది చెప్పలేదు" అంది అత్తమ్మ, కుందేలువంక చూస్తూ. "చెప్పలేని దానికి మనమే మంచిగ చూసుకోవాలె. కోపియ్యండ్రి, వద్దనను. కాని దాని పక్కకు ఒక మనిషి వుండాలె."

చేయించడానికే నిశ్చయించుకొన్నాం. ఎండాకాలం వెళ్ళనిచ్చాం. మా వైపు ఎండలు మామూలుగానే కుందేలుకు ప్రాణాంతకం, ఆపరేషన్ అయి అలసిన కుందేలుకు చెప్పనక్కర లేదు. డిసెంబరు నెలలో తెల్లవారుజామున బయలుదేరి చిట్యాల, చౌటుప్పల్ మీదుగా హైదరాబాదు చేరాం. చలికి పెట్టెలో గడ్డి దట్టంగా పరిచాం. మల్లి దారి పొడుగునా గరిక నములుతూనే వుంది.

మొదట వెళ్ళిన ఆసుపత్రి అద్దాల తలుపులతో, ఏ.సి. గదులతో దివ్యంగా వుంది. కౌంటరు దగ్గర కుర్రవాడు, "నిన్న రాత్రినుంచి ఏమీ పెట్టలేదు కదా?" అన్నాడు. పెట్టామన్నాను. "అయితే యివాళ కాదు. రేపు ఖాళీ కడుపుతో తీసుకురండి" అన్నాడు. డాక్టరుగారితో మాట్లాడాలన్నాం. ఆయనా అదే మాట అన్నారు. కుందేళ్ళకు ఎన్నింటికి చేశారని అడిగితే "కుక్కలకు రోజూ చేస్తాం" అన్నారు. నమస్కారం పెట్టి బయటికి వచ్చాం.

రెండో చోటు చిన్న గది, పాత కుర్చీలు. డాక్టరమ్మ మా ప్రశ్నలు అడగకముందే తానే ప్రశ్నలు వేసింది. పొద్దున ఏం తిన్నది? ఎన్ని పెంటికలు వేసింది? దారిలో తిన్నదా? ఇష్టమైన ఆకు ఏదైనా తెచ్చారా? కొత్తిమీర కట్ట చూపించాను. "ఇదే దానికి సగం మందు" అంది. పస్తు అక్కరలేదు, మత్తుకు ముందు నోట్లో మేత లేకుండా చూస్తే చాలునంది. తాను కోస్తుంటే ఊపిరీ, గుండే చూడడానికే మరొక మనిషి వుంటుందనీ, కింద వెచ్చని పరుపు వుంటుందనీ, నొప్పికి మందు ముందే మొదలుపెడతాననీ చెప్పింది. నాలుగు నుంచి ఆరు నెలల వయస్సులో అయితే యింకా సులభమట. వయస్సు పెరిగేకొద్దీ గర్భసంచి చుట్టూ కొవ్వు పేరుకొని కత్తికి అడ్డు వస్తుంది. మల్లికి రెండేళ్ళే గనుక ఫరవాలేదంది. చివరకు, "వెయ్యికి ఏడు అనే లెక్క చదివారా?" అని అడిగింది. చదివామన్నాం. "అది అబద్ధం కాదు. చదివి వచ్చినవాళ్ళకే చేయడం నాకిష్టం" అంది.

ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటలో మా అమ్మాయి నా చెయ్యి వదలలేదు. డాక్టరమ్మ బయటికి వచ్చి, చిన్న గిన్నెలో తీసిన గర్భసంచి చూపించింది. రెండు సన్నని కొమ్ములలాగా వుంది. కుందేలుకు గర్భసంచి రెండు పాయలుగా, రెండు ద్వారాలతో వుంటుందట. కుందేటి కొమ్ము లేదన్నదెవరు? లోపల గడ్డలేమీ లేవు, శుభ్రంగా వుంది.

సాయంకాలం మల్లి లేచి కూర్చుంది గాని కొత్తిమీర ముట్టలేదు. చీకటి పడేదాకా అక్కడే వుంచుకొని, ఒక రెమ్మ కొరికాక పంపించింది. నొప్పి మందూ, గడ్డిపొడి కలిపిన జావా, సూదిలేని సిరంజీ యిచ్చి, "రాత్రి తినకపోతే మూడు నాలుగు గంటలకొకసారి కొంచెం కొంచెం పెదవి పక్కనుంచి తాపండి. పెంటికలు వేసిందాకా పని అయినట్టు కాదు. పళ్ళు పటపట కొరికినా, మూలకు ముడుచుకొని కూర్చున్నా నాకు ఫోన్ చేయండి. వేరెవరైనా యాంటీబయాటిక్ మాత్రలు యిస్తే నన్నడక్కుండా వేయకండి, పెన్సిలిన్ జాతివి నోటితో యిస్తే కుందేలు పేగులు పాడవుతాయి" అని మరీమరీ చెప్పింది.

ఇంటికి వచ్చేసరికి రాత్రి పదయింది. మల్లి మూలకు తిరిగి కూర్చుంది. ఆకు వాసన చూసి మొహం తిప్పుకొంది. మా అమ్మాయి పన్నెండుదాకా కూర్చొని అక్కడే నిద్రపోయింది. నేను ఒంటిగంటకు జావ తాపి, కాసేపు నడుం వాలుద్దామని వెళ్ళాను. మెలకువ వచ్చేసరికి తూరుపు తెల్లబడుతోంది. పరుగెత్తుకొని వసారాలోకి వెళ్ళాను.

అత్తమ్మ నేలమీద చాప వేసుకొని కూర్చుని వుంది. కాళ్ళ మీద శాలువా, శాలువాలో మల్లి. పక్కన సిరంజి, జావగిన్నె ఖాళీగా వున్నాయి. అత్తమ్మ నన్ను చూసి అరచెయ్యి చాపింది. చేతిలో శనగగింజలంత నల్లని పెంటికలు ఏడు!

"లెక్కపెట్టిన. ఏడున్నయి. పొయ్యి నీ బిడ్డను లేపు" అంది.

మగవాళ్ళు కొలువులో ప్రమోషన్ వచ్చిందని మిఠాయి పంచుతారు. మా యింట్లో ఆ వుదయం కుందేలు పెంటికలకు సేమ్యా పాయసం కాచాం. పది రోజులకు కుట్లు మానాయి. మళ్ళీ చీపురుపుల్లల వుద్యోగంలో చేరింది.

మల్లి గర్భసంచి శుభ్రంగానే వుందని చెప్పాను కదా. అది తెలిసి మావారు, "అయితే అనవసరంగా కోయించామంటావా?" అన్నారు. దానికి జవాబు లేదు. రాబోయే జబ్బును ఆపామో, ఎన్నటికీ రాని జబ్బు కోసం కోత పెట్టామో ఎవరూ చెప్పలేరు. వూరకున్నందువల్ల వచ్చే అపాయం నాలుగేళ్ళ తరువాత, నిశ్శబ్దంగా వస్తుంది. మన చేతితో చేయించినందువల్ల వచ్చేది యివాళే, కళ్ళ ఎదుట వస్తుంది. కళ్ళ ఎదుట కనిపించేదే పెద్దదనుకోవడం మనుష్యస్వభావం. రెంటినీ ఒకే తక్కెడలో తూచాలి. వయస్సులో వున్న, ఆరోగ్యంగా వున్న ఆడకుందేలుకు, చేయి తిరిగిన డాక్టరు దొరికితే, తక్కెడ చేయించడం వైపే మొగ్గుతుంది. ముసలిదైతే, జబ్బుదైతే, దగ్గరలో అలాంటి డాక్టరు లేకపోతే ఆ మొగ్గు మారవచ్చు. మగదాన్నీ ఆడదాన్నీ కలిపి పెంచేవాళ్ళు ముందు మగదానికి చేయించవచ్చు. అది చిన్న పని, అపాయమూ తక్కువ. కాని చేయించిన తరువాత కూడా నాలుగు నుంచి ఆరు వారాలు రెంటినీ విడిగా వుంచాలి.

మొన్న మా వీధి చివరి యింటావిడ తన కుందేలును చంకలో పెట్టుకొని వచ్చింది. డాక్టరు పేరు రాసుకొంది, ఖర్చు అడిగింది, దారి అడిగింది. అన్నీ అయ్యాక అత్తమ్మ తన మంచం మీదనుంచి ఒకటే అడిగింది.

"గా రాత్రి మీ యింట్ల మేలుకొనేటోళ్ళు ఎవరు?"

ఆవిడ ఆలోచనలో పడింది. "మా ఆయన్ని అడిగి చెప్తా" అని కుందేలును తీసుకొని వెళ్ళింది.